మొదటి దోసెడు

నీళ్లు కనబడితే రుచి చూడటం నాకున్న చెడ్డ అలవాటు. ట్యాంకరు వచ్చినా, నల్లా విప్పినా, ఎవరింట్లో గ్లాసు చేతికిచ్చినా ముందు నాలుక మీద చుక్క వేసుకుని ఒక క్షణం ఆగుతాను. మా ఆయన ఉన్న రోజుల్లో నలుగురిలో పరువు తీస్తున్నానని గొణిగేవారు. గొణిగితే గొణిగారు, అలవాటు మాత్రం పోలేదు.

మొన్న ఎండాకాలం మా అపార్టుమెంటు బోరు నీళ్లకు బదులు గాలి పోయడం మొదలుపెట్టింది. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వస్తుంటే మెయిన్ రోడ్డుకు రెండు సందుల లోపల ఉంటుంది మా బిల్డింగు. పన్నెండు ఇళ్లు. సగంమంది నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్లు, సగంమంది మా కోస్తావాళ్లు. పచ్చళ్ల దగ్గర, పండగల దగ్గర ఎవరి పద్ధతి వాళ్లదేగాని నీళ్లు రాకపోతే అందరిదీ ఒకటే గోల. ఆదివారం పొద్దున పార్కింగులో కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. సెక్రటరీ కుర్రాడు మంచివాడే, కాస్త తొందర మనిషి. పాతదాని పక్కనే వెయ్యి అడుగులకు ఇంకో బోరు దించుదామని, మిషను కూడా మాట్లాడేశానని చెప్పాడు. అందరూ తలలూపారు. నేను లేచి వద్దన్నాను.

లోతుకు పోతే నీళ్లు పడతాయి కదా ఆంటీ అన్నాడతను. పడతాయి, ఎలాంటివి పడతాయన్నదే నా బాధ అన్నాను. నాకు తోడు వచ్చింది మూడో అంతస్తులో ఉండే నల్గొండ తమ్ముడు. లారీలు నడిపి నడిపి ఇప్పుడు మనవరాలిని బడికి దింపే పనిలో ఉన్నాడు. మామూలుగా మీటింగుల్లో నోరు విప్పడు.

"అక్క చెప్పేది జర ఇనున్రి" అన్నాడు. "మా ఊర్ల గిట్లనే లోతుకు పోయినం. పోయినకొద్ది పాడునీళ్లే ఒచ్చినయ్. గవ్వే తాగి మా అమ్మ నడుము వంగిపోయింది. సచ్చేదాంక సక్కగ నిలబడలే."

చివరికి బోరు ఆపి, మేడ మీద పడ్డ వాన నీళ్లన్నీ దిగేటట్టు పాత బోరు పక్కన ఇంకుడు గుంత తవ్వించి, ఈ వానాకాలం చూద్దామనుకున్నాం. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఈవిడకి నీళ్ల సంగతులు ఎంత బాగా తెలుసో అన్నారు. తెలుసు. ఎలా తెలుసో మాత్రం ఆ రోజు చెప్పలేదు, సిగ్గేసింది. ఈ వయసులో ఇంకా సిగ్గేమిటి, ఇక్కడ చెప్పేస్తాను.

మాది సముద్రానికి కూతవేటు దూరంలో ఇసుక మీద కట్టుకున్న ఊరు. ముప్ఫై ఇళ్లు. చేపలు పట్టేవాళ్ల పల్లె వేరే ఉండేది, మేం నారు పోసేవాళ్లం. మిరప నారు, వంగ నారు. ఇసుకలో పెరిగిన నారు వేరు తెగకుండా వెంట్రుకలా ఊడి వస్తుంది. అందుకని పైనున్న నల్లరేగడి ఊళ్ల రైతులు అదను రాగానే బళ్లు కట్టుకుని మా ఊరొచ్చి తీసుకెళ్లేవారు. బళ్లొస్తే మాకు పండగే. వాళ్లు జొన్నలు, కందులు తెచ్చేవారు, మేం కాల్చిన తేగలు పెట్టేవాళ్లం. తాటి టెంకలు పాతర వేస్తే మొలిచే తేగ తినని పిల్లలకి ఆ వాసన ఎలా చెప్పాలో నాకు తెలియదు. కమ్మగా, కాస్త పొగచూరి, చేతులు రెండ్రోజులు అదే వాసన వేసేవి.

ఇసుకలో నారుకి నీళ్లెక్కడివంటారా? దొరువులున్నాయి. నడుంలోతు గుంట తీస్తే అడుగున నీళ్లూరతాయి, దాన్నే దొరువు అంటాం. గుంటలోకి మెట్టుమెట్టుగా దిగి కొబ్బరి చిప్పతో పైపైన తేర్చి కుండ నింపుకోవాలి. కుండ ముంచకూడదు, గుంట లోతు చెయ్యకూడదు. పైన వాననీరు, కింద సముద్రపు నీరు. మధ్యలో గోడేం లేదు, ఒకదాని మీద ఒకటి ఊరికే నిలబడి ఉంటాయి. కదిపితే కింది నీళ్లు పైకొస్తాయి. మాకు ఇది నడక నేర్చినప్పుడే నేర్పేవారు.

ఇంకో పద్ధతి ఉండేది. కొత్త దొరువు తీసినా, పాతదాన్ని పొద్దున్నే తోడబోయినా, మొదటి దోసెడు నీళ్లు ఒక చిన్నపిల్ల చేత రుచి చూపించేవారు. పెద్దవాళ్ల నోళ్లు పొగాకుతో, ఎండుచేపల పులుసుతో మొద్దుబారి ఉంటాయి, లేత నాలుకకే తెలుస్తుంది. మా ఊళ్లో ఆ పని నాది కాదు. మా పక్కింటి పిల్లది. నా ఈడుదే, తొమ్మిదో పదో ఏళ్లు. అది దోసెడు నోట్లో పోసుకుని కళ్లు మూసుకునేది. ముసలాళ్లందరూ దాని మొహంలోకి చూస్తూ నిలబడేవారు. నాకు కడుపు మండిపోయేది. ఒకసారి అది రుచి చూడబోయే ముందు చింతకాయ తినిపించాను. ఆ రోజు అది ఏం చెప్పాలో తెలియక ఏడ్చింది. మా నాయనమ్మ చింతపిక్కలు చూసి సంగతి కనిపెట్టి నా చెవి మెలిపెట్టింది.

ఆ ఏడే తుఫాను వచ్చింది. ఆ రోజు మా నాన్న నారు బండితో పైఊళ్లకి వెళ్లి ఉన్నాడు. ముసురు, గాలి. ఇవి మాకు కొత్తేం కాదు. మధ్యాహ్నం నాయనమ్మ దొరువు దగ్గరికి వెళ్లి అలాగే నిలబడిపోయింది. నీళ్లు గట్టు దాకా లేచి ఉన్నాయి. పడిన వానకి అంత ఎత్తు రావు. సముద్రం కిందనుంచి తోస్తోందని, ఉన్నవాళ్లు ఉన్నట్టుగా సరుగుడు తోపున్న ఇసుక దిబ్బ ఎక్కమని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. చాలామంది విన్నారు. పక్కింటివాళ్లు వినలేదు. వాళ్లది పెంకుటిల్లు, గట్టి గోడలు, ఏం కాదనుకున్నారు.

నాయనమ్మ ఇంట్లోంచి తీసుకున్నవి రెండే. ఎండిన సొరబుర్రలు. మూతికి పేడ మెత్తి దాచిన నారు గింజలున్నాయి వాటిలో. ఒకటి నా నడుముకి కట్టింది, ఒకటి తన మెడకి. బియ్యం తీసుకోవేం అత్తా అని మా అమ్మ అరిస్తే బియ్యం ఎవడన్నా పెడతాడు, గింజలెవడు పెడతాడే అంది. ఈతకి కూడా పనికొస్తాయని కట్టిందట. అంత అవసరం రాలేదు గానీ దిబ్బ మీద నా నడుం దాకా నీళ్లొచ్చాయి. సరుగుడు చెట్టుని కౌగిలించుకుని నేనూ అమ్మా, మా ఇద్దర్నీ చుట్టి చీరతో కట్టేసి నాయనమ్మ. గాలి మాటలు వినపడనియ్యలేదు. అంతకు మించి నాకు గుర్తులేదు, గుర్తు చేసుకోను కూడా.

తెల్లారాక చూస్తే ముప్ఫై ఇళ్లలో ఒక్కటీ లేదు. ఇసుక చదునుగా, ఎవరో తడిచేత్తో నిమిరినట్టు ఉంది. గొడ్లు లేవు. పక్కింట్లో నలుగురూ లేరు. ఆ పిల్ల మూడో రోజుకి కూడా దొరకలేదు. నేను దానికి చింతకాయ తినిపించానన్నదే పదేపదే గుర్తొచ్చేది. ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ పొద్దున మేం తిన్నది తేగలు. దిబ్బ పక్కన వేసిన పాతర చెక్కుచెదరలేదు. పచ్చివే తవ్వి, చీలికలు చేసి, పిల్లల నోట్లో పెట్టారు. కాల్చడానికి పొడి పుల్ల లేదు. నాయనమ్మ ఒక్కో తేగ విరుస్తూ, ఇది మిగిలింది కదా, ఇంకా ఏమేం మిగిలాయో చూద్దాం పదండి అంది. ఏడవడం లేదేమిటా అని అందరూ ఆమె వంక చూశారు. తర్వాత ఏడ్చింది, ఒక్కతే, దిబ్బ వెనక్కి వెళ్లి. నేను చూశాను.

నాన్న మూడో రోజుకి బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు. మమ్మల్ని చూసి ఇసుకలో కూలబడిపోయాడు. తేరుకున్నాక ఇక ఇక్కడ వద్దు, మేనత్త వాళ్ల ఊళ్లో పొగాకు కాల్చే బేరన్లలో పని దొరుకుతుంది, పోదామన్నాడు. ఊళ్లో సగంమంది అదే మాట. దొరువులన్నీ పూడిపోయాయి, తాగడానికి ఊరికున్న ఒక్క బావి ఉప్పునీళ్లతో నిండిపోయింది. సాయం చేద్దామని వచ్చినవాళ్లు డీజిల్ ఇంజను పెట్టి రెండు రోజులు తోడి పోశారు. తోడినకొద్దీ ఇంకా ఉప్పు. ఆపమని నాయనమ్మ ఎంత మొత్తుకున్నా ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఒక ఆఫీసరు వచ్చి, తాగడానికి చుక్క లేనిచోట మనుషుల్ని ఎలా ఉంచమంటారు, టౌను పక్కన స్థలాలిస్తాం, పేర్లు రాయించండి అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు. నాయనమ్మ మాత్రం నలభై రోజులు ఆగమంది. నలభై రోజుల్లో నారు చూపిస్తాను, నారు పెరిగితే నీళ్లున్నట్టే కదా, బతుకున్నట్టే కదా అంది. ఆయన, సరే, లిస్టు అప్పటిదాకా పంపనన్నాడు.

ముప్ఫై ఇళ్లవాళ్ల ఉండటం, పోవడం ఆ రెండు బుర్రల గింజల మీదికొచ్చింది.

తుఫాను వెనకే మంచి వాన పడింది. దిబ్బ మొదట్లో నాయనమ్మ చిన్న దొరువు తీయించింది, మోకాటి లోతు మించనివ్వలేదు. మొదటి రెండు రోజులూ ఊరిన నీళ్లని తోడి పారబోయించింది. మూడో రోజు రుచి చూసే పిల్ల కావాలి. అందరి కళ్లూ ఒక్కసారి పక్కింటివాళ్లు ఉండే చోటికి వెళ్లి వెనక్కొచ్చాయి. నాయనమ్మ నన్ను పిలిచింది. ఎన్నాళ్లుగానో కోరుకున్న పని. అలా వస్తుందనుకోలేదు. దోసెడు నోట్లో పోసుకుని కళ్లు మూసుకున్నాను, అది మూసుకున్నట్టే. తియ్యగా ఉన్నాయి. చెప్పాను. మా అమ్మ అక్కడే కూర్చుని ఏడ్చేసింది.

పెద్దదొకటి, చిన్నదొకటి రెండు మళ్లు కట్టి నారు పోశారు. వారానికల్లా పచ్చటి నూగు కనిపించింది. పోదామన్నవాళ్లు కూడా పొద్దున్నే వచ్చి మళ్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవారు. రోజూ రుచి చూడటం, చిప్పతో తేర్చి కుండలు నింపడం నా పని. పెద్దవాళ్లు మోసుకెళ్లి చల్లేవారు. ఒక్కో కుండ నిండటానికి ఎంతసేపో. చిప్పెడు తీస్తే చిప్పెడు ఊరేదాకా కూర్చోవాలి.

ఇరవయ్యో రోజు అనుకుంటా, రోడ్డు మీదికి బిస్కెట్ల లారీ వచ్చిందని పిల్లలందరూ పరిగెత్తారు. నాకింకా ఆరు కుండలు నిండాలి. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. నాన్న వదిలేసిన పార తీసుకుని దొరువు అడుగున మూరెడు లోతు తవ్వేశాను. నీళ్లు బుడబుడమని వచ్చాయి. ఇంత తెలివి పెద్దవాళ్లకి లేకపోయిందే అనుకుని, కుండ మొత్తం ముంచి ఆరూ నింపేసి, లారీ దగ్గరికి పరిగెత్తాను. నాలుగు బిస్కెట్ పొట్లాలు దొరికాయి.

మర్నాడు పొద్దున నాయనమ్మ, నాన్న, ఇంకో పదిమంది నిలబడి ఉండగా దోసెడు నోట్లో పోసుకున్నాను. ఉప్పు. సందేహం లేదు, గొంతు పట్టేసింది. కళ్లు మూసుకునే ఉన్నాను. తవ్వానని చెప్తే కొడతారన్న భయం కాదు. ఆ పిల్ల ఉంటే ఇలా జరిగేది కాదంటారన్న భయం. కళ్లు తెరిచి, తియ్యగానే ఉన్నాయన్నాను. మింగేశాను కూడా.

ఆ పూటా, మర్నాడూ ఆ నీళ్లే పెద్దమడికి పోశారు. రెండో మడి కాస్త ఎత్తులో ఉండటంతో అటు ఇంకా వెళ్లలేదు. మూడో రోజుకి పెద్దమడిలో ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. సాయంత్రానికి మొక్కలు సాగిలపడ్డాయి. ఊరంతా వచ్చి చుట్టూ నిలబడింది. నాన్న, చూశావా అమ్మా, ఇసుకలోనే ఉప్పు పట్టేసింది, ఇంక పోదాం అన్నాడు. నాయనమ్మ చేతులు అలా వేలాడటం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడిక నా వల్ల కాలేదు. ఇసుకలో ఉప్పు లేదు, నేను తవ్వాను, ఉప్పని తెలిసీ తియ్యగా ఉన్నాయన్నాను అని అందరి ముందూ చెప్పేశాను.

నాన్న చెయ్యి లేచింది. నాయనమ్మ మధ్యలోకి వచ్చి ఆపింది. అలాగని నన్నేం దగ్గరికి తీసుకోలేదు. నా వంక చూడను కూడా చూడలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు, ఎవరూ తినమనలేదు.

పొద్దున్నే పాత దొరువుని ఇసుకతో పూడ్పించి, పాతికడుగుల అవతల కొత్తది తీయించింది. రెండు రోజులు తోడి పారబోశారు. రెండో మడిలోని మొక్కలు అప్పటికే వాడుముఖం పట్టాయి, ఇంకో పూట ఆగితే అవీ దక్కవు. రుచి చూడటానికి పక్క వీధి ఆవిడ తన కూతుర్ని ముందుకు తోసింది. నేను వెనక, అమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాను. నాయనమ్మ ఆ పిల్లని పక్కకి జరిపి నన్ను పిలిచింది. మళ్లీ దీన్నా అన్నారెవరో.

"దీన్నే" అంది నాయనమ్మ. "ఉప్పునీళ్లు ఎట్టుంటయ్యో ఈ ఊళ్లో దీనికి తెలిసినట్టు ఎవరికి తెలుసు? రావే. తాగి చెప్పు."

దోసెడు నోట్లో పోసుకున్నాను. ఈసారి కళ్లు మూసుకోలేదు, నాయనమ్మనే చూస్తున్నాను. అడుగున ఎక్కడో, చాలా కొంచెం, ఉప్పు జీర ఉంది. అందరూ తియ్యన అనే మాట కోసం ఎదురుచూస్తున్నారు. నాన్న కూడా.

"ఇంకా కాదు" అన్నాను.

ఎవరో నుదురు కొట్టుకున్నారు. నాయనమ్మ ఇంకో మాట లేకుండా, పారబోయండి, సాయంత్రం చూద్దాం అంది. మడి మీద తడిపిన తాటాకులు కప్పించింది. సాయంత్రం మళ్లీ రుచి చూశాను. బాగున్నాయి. చెప్పగానే కావడి ఎత్తింది నాన్నే. నా పక్క నుంచి వెళ్తూ తల మీద ఒక చిన్న మొట్టికాయ వేశాడు. అంత తీపి మొట్టికాయ నేను మళ్లీ తినలేదు.

ఒక్క మడే మిగిలింది. చాలింది. నలభయ్యో రోజుకి జానెడు నారు నిలబడింది. ఆఫీసరు వచ్చి చెప్పులు విప్పి మరీ మడి దగ్గరికి నడిచాడు. ఆయన వెనకే, నడక మీద, రేగడి ఊరి రైతు ఒకడు వచ్చాడు. నాటిన చేలన్నీ తుఫానులో పోయి, నారు ఎక్కడన్నా దొరుకుతుందేమోనని ఊరూరా తిరుగుతున్నాడు. ఒక మొక్క పీకి వేరు చూసి, కళ్లకద్దుకున్నాడు. ఆ వారంలోనే కట్టిన మూటలు విప్పుకున్నారు మావాళ్లు. మా ఊరు ఇప్పటికీ అక్కడే ఉంది. ఇప్పుడు పక్కా ఇళ్లు, తుఫాను షెల్టరు, మోటార్లు అన్నీ ఉన్నాయి.

పెళ్లయి విజయవాడ హైవే మీదుగా ఇటొచ్చేశాను. నాగోల్ రోడ్డు మీద చిన్న మొక్కల నర్సరీ పెట్టి పిల్లల్ని చదివించుకున్నాను. నేలేదైనా నారు పోయగలనన్న ధైర్యం నాకు నాయనమ్మే ఇచ్చింది. ఆవిడ ఎప్పుడూ నన్ను ఆ అబద్ధం గురించి మళ్లీ అడగలేదు. రోజూ పొద్దున దోసెడు నీళ్లు తాగి చెప్పమనేది, అంతే. పెళ్లయి వచ్చేసేదాకా చెప్తూనే ఉన్నాను.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. ఇంకుడు గుంత రెండుసార్లు నిండి దిగింది. మొన్న పొద్దున బోరు ఆన్ చేశారు, నీళ్లొచ్చాయి. పార్కింగంతా పెళ్లి సందడిలా ఉంది. సెక్రటరీ కుర్రాడు స్టీలు గ్లాసు నింపి తెచ్చి, మొదట మీరే చెప్పాలి ఆంటీ అన్నాడు. గ్లాసు తీసుకుని చూస్తే నల్గొండ తమ్ముడి పక్కన వాళ్ల మనవరాలు, బడి బ్యాగు వేసుకుని, నా చేతిలోకే చూస్తోంది. దానికి ఎనిమిదేళ్లుంటాయి. నా నాలుక ఇప్పుడు బీపీ మాత్రలతో మొద్దుబారిపోయింది, ఎవరికీ చెప్పలేదుగానీ. గ్లాసు దానికి ఇచ్చాను. నాలుక మీద కాస్త వేసుకుని ఎట్లున్నయో చెప్పవే అన్నాను.

అది వేసుకుంది. చుట్టూ అందరి మొహాలు చూసింది. సెక్రటరీ నవ్వుతూ తల ఊపుతున్నాడు, బాగున్నాయని చెప్పమన్నట్టు. నేను దాని మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. అరవై ఏళ్లు దాటినదాన్ని, ఒక పిల్ల ఏం చెప్తుందోనని.

"ఇంక మంచిగ లెవ్వు నానమ్మా" అంది. "మన్ను వాసనొస్తుంది."

వాళ్ల తాత నొచ్చుకుని దాన్ని కసరబోయాడు. నేను ఆపాను. గ్లాసు తీసుకుని నేనూ చూశాను. నాకేం తెలియలేదు. అది చెప్పింది కాబట్టి ఆ రోజుకి మోటారు ఆపించి, ఇంకో వాన పడనిచ్చి చూద్దామన్నాను. రేపు మళ్లీ నువ్వే రావాలి అని దానికి చెప్పాను. సరేనని తల ఊపి, బ్యాగు సర్దుకుని బడికి వెళ్లింది.